డిస్ఫేజియా అంటే ఏది?

మునిర్కాలో కాపురముండే తెలుగువారి ఇళ్ళకు చుట్టాలు రెండు కారణాల మీద వస్తూ ఉంటారు. ఒకటి ఢిల్లీ చూడడానికి, రెండవది అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చూపించుకోవడానికి. 1956లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ఆ ఆసుపత్రి మా ఇంటికి ఎంతో దూరం కాదు. ఈ రెండవ రకం చుట్టాల సంచిలో ఆవకాయ సీసాతోబాటు కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. అందులో కొన్ని, డాక్టరుగారు నోటితో చెప్పగా ఇంట్లోవారు తెలుగులో వ్రాసుకొన్నవి. వాటిని ఆంగ్లంలోకి మార్చి ఇచ్చే పని ఎన్నో ఏళ్ళుగా నా వంతుకు వచ్చింది.

ఒకసారి తెనాలి నుండి మా పెదనాన్నగారు తెచ్చిన కాగితంలో ‘డిస్ఫేజియా’ అని ఉంది. ఆంగ్లంలో ఇలా పలికే మాటలు రెండున్నాయి. ‘జి’ అక్షరంతో వ్రాస్తే మ్రింగుటలో ఇబ్బంది. ‘ఎస్’తో వ్రాస్తే మాటలో లోపం. మొదటిదైతే వైద్యులు తరచు అన్నవాహికను చూస్తారు, రెండవదైతే మెదడును. మన లిపిలో మాత్రం రెండూ ఒకటే. కలం ప్రక్కన పెట్టి, “పెదనాన్నగారూ, బాధ ఏమిటో మీరే చెప్పండి” అన్నాను. “మెతుకు గొంతు దిగడం లేదురా అబ్బాయీ, మజ్జిగతోనే ప్రాణం నిలుపుకొంటున్నాను” అన్నారు. ఆ మాట విన్న తరువాతనే ‘జి’ అక్షరం వ్రాశాను. పరీక్షలో అన్నవాహిక ఒకచోట ఇరుకైనట్లు తేలింది.

‘ఇలియం’ కూడా ఇటువంటిదే. అది చిన్నప్రేగు చివరి భాగమూ కావచ్చు, తుంటి ఎముకా కావచ్చు. ‘హైపో’, ‘హైపర్’ అనే వాటి మధ్య తేడా చెవికి స్వల్పమే. థైరాయిడ్ జబ్బులో ఒకదాని చికిత్స రెండవదానికి విరుద్ధం.

ఈ చిక్కు మనకే పరిమితం కాదు. హీబ్రూ వ్రాతలో అచ్చుల గుర్తులను సాధారణంగా వ్రాయరు. ‘ప’కారానికీ ‘ఫ’కారానికీ అక్షరం ఒకటే. పైగా ‘హైపర్’, ‘హైపో’ అనే మాటలను ఆ లిపిలో వేరుచేసేది చివరి అక్షరం ఒక్కటే. చేతివ్రాతలో ఆ రెండు అక్షరాలూ ఒకదానినొకటి పోలి ఉంటాయి. అన్ని అచ్చులూ వ్రాసుకొనే మనకు ఒక విధమైన చిక్కు, వ్రాయని వారికి మరొక విధమైన చిక్కు!

1961లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ శాస్త్రీయ, సాంకేతిక పదావళి సంఘం మా పొరుగున రామకృష్ణాపురంలోనే పనిచేసింది. అటువంటి సంస్థల నిఘంటువులు ఎంతో ఉపకరిస్తాయి. కాని నిఘంటువు సరిగా వ్రాసిన మాటకే అర్థం చెబుతుంది. తప్పు వ్రాసిన మాటకు రోగియే అర్థం చెప్పాలి.

అందుచేత నేనొక పద్ధతి పెట్టుకొన్నాను. కాగితంలో ఉన్న మాటను ఉన్నట్లే ఉంచుతాను. ప్రక్కన రోగి చెప్పిన బాధను అతని మాటల్లోనే ఆంగ్లంలో వ్రాస్తాను. సందేహముంటే ప్రశ్నార్థకం పెడతాను. ఊహించి దిద్దను.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లో వైద్యులకు నిర్దేశించింది. జబ్బు పేరును కూడా అలాగే వ్రాసి ఇమ్మని మనమే అడగవచ్చు. ఊరి నుండి పెద్దవారిని పంపేటప్పుడు, వారి బాధ ఏమిటో, ఎప్పటినుండో నాలుగు ముక్కలు తేటతెలుగులో వ్రాసి సంచిలో పెట్టండి. జబ్బు పేరు వ్రాతలో తప్పిపోయినా, ఆ నాలుగు ముక్కలు దారి చూపిస్తాయి.