పటాన్‌చెరు రోడ్డులో పిన్‌బాల్ బల్ల!

'జాతిరత్నాలు' (2021) చూసినవాళ్ళకి జోగిపేట శ్రీకాంత్ గుర్తుండే ఉంటాడు. అతగాడు హైదరాబాదుకి వచ్చిన దారినే మేం ఎదురు వెళ్ళాం. బి.హెచ్.ఇ.ఎల్. దాటితే పటాన్‌చెరు, ఆపైన ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి. రోడ్డు పొడుగునా లారీలు, రేకుల షెడ్లు, మందుల ఫ్యాక్టరీల వాసన! మధ్యలో కంటికి చల్లగా కనిపించేవి 1972లో వచ్చిన ఇక్రిశాట్ వారి పొలాలు.

ఇస్నాపూర్ దగ్గర ఓ షెడ్డులో తమ్ముడి వరసవాడొకడు ఇనుప పని చేస్తాడు. కూడబెట్టిన నాలుగు లక్షలూ పెట్టి ఇళ్ళల్లో ఆడుకునే 'వర్చువల్ పిన్‌బాల్' యంత్రాలు చేస్తాడట. "అన్నా, నువ్వు సినిమా పత్రికల రాస్తవ్ గద! జనం ఏం కొంటరో నువ్వే చెప్పు" అన్నాడు. అదీ మన ప్రయాణం సంగతి!

చెక్కకి మేకులు కొట్టి, ఇనుప గోళీని స్ప్రింగుతో తన్ని ఆడిన బల్ల మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. పిన్‌బాల్ దానికి దగ్గర చుట్టమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని 'స్పేస్ కేడెట్' ఆడినవాళ్ళకి ఇంత వివరం అక్కర్లేదు. వర్చువల్ అంటే గోళీ కూడా బొమ్మే. చెక్క పెట్టెలో పెద్ద టీవీని వెల్లకిలా పడుకోబెడతారు. స్కోరుకి ఎదురుగా ఇంకో తెర, పక్కల బొత్తాలు, లోపల కంప్యూటరు. గోళీ తగిలినప్పుడల్లా 'టక్' మని చేతికి తెలిసేలా సోలినాయిడ్లు.

ఇందులో ఈ రోడ్డు మీద దొరకనిదేముంది? చెక్క, రేకు, రంగు, వెల్డింగు అన్నీ చేతికందేవే. పెట్టెకి లక్ష దాకా అవుతుందని అతని లెక్క. అక్కడికి బాగానే ఉంది.

మరి తెర మీద ఏ ఆట? 2000లో రాండీ డేవిస్ తెచ్చిన 'విజువల్ పిన్‌బాల్' ఉచితమే. దాని మీద అభిమానులు బోలెడన్ని బల్లలు తయారుచేశారు. కానీ ఇంకొకరి బొమ్మా సంగీతమూ ఉన్న బల్లని పెట్టెలో నింపి అమ్మితే హక్కుదారుడు ఊరుకుంటాడా? 'పిన్‌బాల్ ఆర్కేడ్' అమ్మిన ఫార్‌సైట్ కంపెనీ పాట్లు చూడండి. లైసెన్సు ముగిసేసరికి 2018 జూన్ 30తో విలియమ్స్, బాలీ బల్లల అమ్మకం ఆపేసింది. ఆ హక్కులు హంగేరీకి చెందిన జెన్ స్టూడియోస్‌కి వెళ్ళాయి. ఆట బాగున్నా సరే, కాగితం లేకపోతే దుకాణం బంద్!

సినిమాకీ ఈ ఆటకీ పాత స్నేహమే. 1975లో కెన్ రస్సెల్ తీసిన 'టామీ'లో చూపూ మాటా లేని కుర్రాడు పిన్‌బాల్ వీరుడు. 'ఆడమ్స్ ఫ్యామిలీ' సినిమా పేరుతో 1992లో వచ్చిన బల్ల ఇరవై వేలకి పైగా అమ్ముడైంది. మన తెలుగు సినిమా బల్ల మాత్రం నేనింతవరకూ చూడలేదు.

మావాడు నమూనాగా ఒక పెట్టె చేశాడు. నేను ఆడితే మూడు గోళీలూ నిమిషంలో గోతిలో పడ్డాయి (నవ్వకండి!). టీ తెచ్చిన కుర్రాడు బొత్తాలు నొక్కి చూసి, "ఇండ్ల మన హీరో ఎవ్వరూ లేరా అన్నా?" అన్నాడు.

మావాడు నా వంక చూశాడు. నాలుగు లక్షలకీ ఒకేసారి టీవీలు కొనొద్దని చెప్పాను. ముందు ఓ నిర్మాత దగ్గరికి వెళ్ళి, పాడి ఆడిన పాత సినిమా ఒకటి ఎంచుకుని, బొమ్మకీ పాటకీ హక్కులెంతో అడగమన్నాను. పాట హక్కులు ఆడియో కంపెనీ దగ్గర ఉంటే అక్కడికీ వెళ్ళాలి మరి. "పెట్టె చేసుడే అల్కగుంది గదనే" అంటూ షెడ్డుకి తాళం వేసి, నన్ను బస్సెక్కించడానికి ఇస్నాపూర్ చౌరస్తా దాకా వచ్చాడు.