పగలు సర్దుకున్న పెట్టె

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు... పెళ్లంటే బరువే అనిపిస్తుంది. రాళ్లు పొదిగిన లక్కగాజుల డబ్బాలు, జర్దోసీ పనితో కిందికి లాగే లెహంగాలు, ఆరు గజాల ఖడా దుపట్టాలు. అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్ దగ్గర బంగారం, వెండి. ఇంకాస్త ముందుకెళితే పత్తర్‌గట్టి ముత్యాలు, మదీనా వైపు పట్టుచీరలు. ఒక పెళ్లికి కావాల్సినవన్నీ కొంటే ఇంటికి చేర్చడానికి ఒక ఆటో చాలదు.

అదే బజారుకు ఓ అమ్మాయి, ఓ అబ్బాయి ఒక్క సంచితో వచ్చారనుకుందాం. పెళ్లి వాళ్లదే. ముహూర్తం కొండమీద. వెంట వచ్చేవాళ్లు పదిమందికి మించరు. వాళ్లేం కొనాలి? ఏం వదిలేయాలి?

పాతబస్తీలోనూ కొండమీద పెళ్లిళ్లు జరుగుతాయి. ఫలక్‌నుమా ప్యాలెస్ ఉన్నది కొండమీదే కదా! వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఆ భవనం 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది. అక్కడి భోజనశాలలో ఒక్క బల్ల చుట్టూనే 101 మంది కూర్చోవచ్చు. అలాంటి పెళ్లికి సామాను సర్దడానికి మనుషులుంటారు. ఇక్కడ చెప్పుకొనేది ఆ పెళ్లి గురించి కాదు. ఎవరి సంచి వాళ్లే మోసుకుంటూ ఎక్కే కొండ గురించి.

మాట మారింది... మనకు మారలేదు

ఇంగ్లిష్‌లో 'ఎలోప్‌మెంట్' అనే మాట ఉంది. ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయి పెళ్లి చేసుకోవడం. 1754లో ఇంగ్లండ్‌లో ఓ చట్టం అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండనివాళ్ల పెళ్లికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. స్కాట్లాండ్‌లో ఆ పట్టింపు లేదు. దాంతో సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే చిన్న ఊరు ప్రేమికులకు పెళ్లిపందిరైపోయింది. ఇప్పుడు ఆ దేశాల్లో అదే మాటకు అర్థం మారింది. హంగూ ఆర్భాటం లేకుండా, కావాల్సినవాళ్లు నలుగురితో ఏ కొండమీదో చేసుకునే చిన్న పెళ్లినీ అలాగే పిలుస్తున్నారు. ఏం కట్టుకోవాలి, ఏం సర్దుకోవాలి అని పుట్టింటివాళ్లే కూర్చుని జాబితా రాస్తారు.

తెలుగులో మాత్రం 'లేచిపోవడం' ఇంకా మెత్తబడలేదు. ఆ మాట వింటే ఇంటిల్లిపాదీ తల దించుకోవాల్సిందే. విచిత్రమేమిటంటే, పెళ్లి కుదరని ఆడపిల్లల చేత మన ఇళ్లలో పారాయణ చేయించేది రుక్మిణీ కల్యాణం. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఆ కథేమిటి? అన్న కుదిర్చిన సంబంధం ఇష్టంలేని అమ్మాయి నచ్చినవాడికి కబురు పంపి, గౌరీదేవి గుడికి వచ్చిన వేళ రాజులందరూ చూస్తుండగా రథమెక్కి వెళ్లిపోవడం. ఆ కథను పూజగదిలో పెట్టుకున్నాం. మాటను మాత్రం గుమ్మం బయటే ఉంచేశాం.

గద్వాల చీర, పాత చెప్పులు

సరే, సంచి విషయానికొద్దాం. తెలుగువాళ్లకు కొండమీద పెళ్లంటే మొదట గుర్తొచ్చేది తిరుమల. పాతబస్తీ నుంచి కాచిగూడ స్టేషన్ దగ్గరే. రాత్రి వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారాక తిరుపతిలో దిగొచ్చు. అక్కణ్నుంచి నడకదారిన వెళ్లాలంటే అలిపిరి వైపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2,388.

అన్ని మెట్లెక్కే అమ్మాయికి మూడు కిలోల జరీ చీర శిక్షే. ప్రయాణానికి నూలు చీరో, చున్నీతో చుడీదారో హాయి. పెళ్లి పీటలకు గద్వాల చీర మంచి ఎంపిక. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటికి తేలిక, పెట్టెలో చోటు తక్కువ, చూడ్డానికి పెళ్లికళ. పైగా ఆ ఊరికీ తిరుమలకూ పాత చుట్టరికం. బ్రహ్మోత్సవాలకు స్వామివారికి ఏటా జోడు పంచెలు వెళ్లేది గద్వాల మగ్గాల నుంచే. వేంకటాద్రి రైలు వెళ్లేదీ ఆ ఊరి మీదుగానే!

మధుపర్కాలు ఎలాగూ నూలువే, బరువుండవు. అబ్బాయికి పంచె, ఉత్తరీయం చాలు. షేర్వానీ ఇంటిదగ్గర విందుకు ఉంచుకోవచ్చు. చెప్పులు కొత్తవి వద్దు. పాదానికి అలవాటైన పాతవే మేలు. చాలామంది మెట్లదారిని చెప్పుల్లేకుండానే ఎక్కుతారు. నడిచి వెళ్లేవాళ్ల సామాను అలిపిరి నుంచి దేవస్థానంవాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు కాబట్టి పెట్టె మోసే బాధ లేదు. బస్సులో ఘాట్‌రోడ్డు మలుపులు పడనివాళ్లు మాత్రం ఓ నిమ్మకాయ, వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోవాలి. నవంబరులో వెళితే గొడుగు, డిసెంబరు, జనవరిలో అయితే శాలువా మర్చిపోకూడదు. నీళ్లకు స్టీలు సీసా పట్టుకెళ్లాలి. కొండమీదికి ప్లాస్టిక్ సీసాలు రానివ్వరు.

పూల సంగతీ ముందే తెలుసుకోవాలి. తిరుమలలో పూలన్నీ స్వామికే. ఆడవాళ్లు తలలో పెట్టుకోకపోవడం అక్కడి ఆచారం. పూలజడకు అడ్వాన్సు ఇచ్చేముందు పెళ్లి చేయించే పురోహితుణ్ని ఓ మాట అడగడం మంచిది.

లాడ్‌బజార్ గాజులు ఓ డజను చాలు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్కగాజులవి. లక్క వేడికి మెత్తబడుతుంది, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. డబ్బాతో కాకుండా మెత్తటి గుడ్డలో చుట్టి చీర మడతల మధ్య పెడితే క్షేమంగా చేరతాయి.

తిరుమల కాదు, ఇంకా పైకి పోదామనుకునేవాళ్లకు ఉత్తరాఖండ్‌లో త్రియుగీ నారాయణ్ ఉంది. శివపార్వతుల పెళ్లి జరిగిన చోటని నమ్మకం. దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. అక్కడికైతే లెక్క మారుతుంది. చీర కింద ఉన్ని లోదుస్తులు, మోచేతులు దాటే రవిక, కాళ్లకు మేజోళ్లు, ఇద్దరికీ దళసరి శాలువాలు. వానాకాలంలో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతుంటాయి కాబట్టి ఆ నెలలు వదిలేయడమే క్షేమం. గుట్ట దగ్గర్లోనే ఉండాలనుకుంటే మన యాదగిరిగుట్ట ఉంది. నగరం నుంచి 60 కిలోమీటర్లు. కొత్తగా కట్టిన ఆలయం 2022 మార్చిలో తెరుచుకుంది. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. పెట్టె కూడా అక్కర్లేదు, సంచి చాలు.

బీరువాలో ఉండిపోయే కాగితం

బట్టలు మర్చిపోతే కొనుక్కోవచ్చు. కాగితాలు మర్చిపోతే పెళ్లి చట్టం దగ్గర ఆగిపోతుంది. ఇద్దరి ఆధార్ కార్డులు, వయసు చూపే పదో తరగతి మెమో, ఫొటోలు ఒక కవర్లో ఉండాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. చాలా ఇళ్లలో అమ్మాయి మెమో ఉండేది నాన్న బీరువాలో. దాని తాళం అమ్మ కొంగున. రాత్రికి రాత్రి గడప దాటే పిల్ల వదిలేసేది ముందు దాన్నే. ఆ తర్వాత పైచదువుకు వెళ్లాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ఆ కాగితం కోసం వెతుక్కోవాలి.

పెళ్లి తంతు ఫొటోలూ దాచుకోవాలి. హిందూ వివాహ చట్టం కింద జరిగే పెళ్లికి తంతు ముఖ్యమనీ, అది లేకుండా ఉత్త సర్టిఫికెట్ ఉంటే పెళ్లైనట్టు కాదనీ 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు అయ్యాక రిజిస్ట్రేషన్. దాని కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. నిఖా అయితే మెహర్, ఇద్దరు సాక్షులు కావాలి. ఇద్దరివీ వేరు వేరు మతాలై, ఎవరూ మారకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టాలి. అంటే రాత్రి రైలెక్కి తెల్లారి చేసుకునే పెళ్లి కాదది.

రెండో పుస్తె

ఇవన్నీ సర్దాక సంచిలో చివరగా పెట్టేవి పసుపుతాడు, పుస్తెలు, మెట్టెలు. గుల్జార్ హౌజ్‌లో గంటలో దొరుకుతాయి. కానీ చాలా తెలుగు ఇళ్లలో తాళిలోని రెండు పుస్తెలూ ఒకచోట కొన్నవి కావు. ఒకటి పుట్టింటిది, రెండోది అత్తింటిది. రెండు ఇళ్ల బంగారం ఒక తాడుకు చేరితేనే తాళి. ఎవరికీ చెప్పకుండా వెళ్లే జంట రెండూ ఒకే కొట్లో, ఒకే బిల్లు మీద కొంటుంది. చట్టం దృష్టిలో తేడా ఏమీ లేదు. మెళ్లో వేసుకున్న అమ్మాయికి మాత్రం ఏ పుస్తె ఎవరిదో తెలుసు.

తిరుమల కల్యాణ వేదికలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 2016 నుంచి దేవస్థానం అక్కడ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు కుంకుమ, కంకణాలు వాళ్లవే. మిగిలినవి పెళ్లివాళ్లు తెచ్చుకోవాలి. అయితే వధూవరుల తల్లిదండ్రులు రావాలి. రాలేకపోతే అందుకు ఆధారాలు చూపాలి. ఖర్చులేని పెళ్లికి కొండ అడిగే అసలు సామాను అదే... అమ్మానాన్నలు.

అది అందరికీ దొరికే సామాను కాదు. కులం వేరనో, మతం వేరనో కన్నవాళ్లే కత్తులు నూరిన సంఘటనలు ఈ నేలమీదా జరిగాయి. ఇంట్లో చెబితే ప్రాణం మీదికొచ్చే పిల్లలకు 'అమ్మానాన్నలకు చెప్పి వెళ్లండి' అనడం సలహా కాదు. ఈడొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి చేసుకోవడానికి ఇంటివాళ్ల, కులపెద్దల అనుమతి అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాంటి జంటలకు రక్షణ కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. వాళ్ల సంచిలో చీర కన్నా ముందు ఉండాల్సింది కాగితాల కవరు, తమ జాడ తెలిసిన ఒక పెద్దమనిషి ఫోన్ నంబరు. అత్తో, మేనమామో, చదువు చెప్పిన టీచరో... ఒక్కరైనా.

కానీ అన్ని ఇళ్లూ అలాంటివి కావు. నాన్న కోప్పడతాడు కానీ కొట్టడు. అమ్మ రెండ్రోజులు అన్నం మానేస్తుంది, మూడోరోజు అబ్బాయి ఏం చేస్తుంటాడని అడుగుతుంది. అలాంటి ఇంట్లోంచి కూడా పిల్ల అర్ధరాత్రి సంచి సర్దుకుంటే అందుకు కారణం ఒక్కోసారి ప్రేమ కాదు, భయం. పిల్లకు చెప్పే ధైర్యం రాలేదు. ఇంట్లో వినే వీలు కనపడలేదు. చీకట్లో సర్దిన సంచిలో సగం వస్తువులు తప్పుగా ఉంటాయి. రవిక ఉంటుంది, దాని చీర ఉండదు. ఫోన్ ఉంటుంది, ఛార్జరు ఉండదు. రోజూ వేసుకునే మాత్రలు అల్మరాలోనే ఉండిపోతాయి.

అదే పెట్టెను పగలు, హాల్లో మంచంమీద తెరిచిపెట్టి సర్దితే? గాజులు అలా కాదు, ఇలా చుట్టాలని నానమ్మ చెబుతుంది. శాలువా వద్దన్నా వినకుండా అమ్మ అడుగున పెట్టేస్తుంది. నాన్న ఏమీ మాట్లాడకుండా బీరువా తీసి మెమో చేతికిస్తాడు. పెళ్లికి పదిమందే వెళ్లినా, మెట్లు ఎంత ఎత్తున్నా, దాన్ని ఎవరూ లేచిపోవడం అనరు.

పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో ఈ మాట పెద్దవాళ్లే మొదలుపెట్టొచ్చు. దానికి పంచాంగం చూడక్కర్లేదు. రాత్రి భోజనాల దగ్గర, టీవీ కట్టేసి, "నీ మనసులో ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే చాలు. అడిగాక, జవాబు పూర్తయ్యేదాకా కంచం ముందునుంచి లేవకుండా కూర్చోవాలి.