రెండో భూమి

దసరా సెలవుల్లో ఊరికి వెళ్ళబుద్ధి కాక హాస్టల్లోనే ఉండిపోయాను. మా గదిమిత్రుడికి అమెరికన్ కామిక్సు పిచ్చి. ఆ పది రోజులూ వాడి పుస్తకాలే చదివాను. కథల కన్నా వాటి లెక్కలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. సైన్సు విద్యార్థిని కదా, లెక్క కుదరకపోతే నిద్రపట్టదు.

డి.సి. వారి 'ఫ్లాష్' సంగతే చూడండి. 1940లో వచ్చిన ఫ్లాష్ పేరు జే గారిక్. 1956లో అదే బిరుదుతో బారీ ఆలెన్ వచ్చాడు. ఈయన జే గారిక్ కామిక్సు చదువుకున్నవాడే! అంటే మొదటివాడు రెండోవాడికి కల్పిత పాత్ర. మరి 1961లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎలాగయ్యా అంటే, జే ఉండేది వేరే భూమి మీదనీ, అక్కడి సంగతులు రచయితకు కలలో వచ్చేవనీ గార్డ్‌నర్ ఫాక్స్ సర్దిచెప్పాడు. పైగా ముందొచ్చినవాళ్ళది 'రెండో భూమి', తర్వాతొచ్చినవాళ్ళది 'ఒకటో భూమి'! సర్వే నంబర్లు ఇలా తిరగేసి వేస్తే మా ఊళ్ళో తగాదాలు తెగేవా?

మార్వెల్ వారు కాలాన్నే జరుపుతారు. 1963లో వచ్చిన ఐరన్ మాన్ వియత్నాంలో గాయపడ్డాడు. ఆయన ముసలివాడు కాకూడదు గనక ఏళ్ళు గడిచేకొద్దీ యుద్ధాన్ని మార్చారు. 2019లో సియాన్‌కాంగ్ అనే కల్పిత దేశపు యుద్ధాన్ని తెచ్చిపెట్టారు. ఇలాంటి తప్పులు పట్టి, సంజాయిషీ కూడా తానే చెప్పిన పాఠకుడికి స్టాన్ లీ 'నో-ప్రైజ్' అని ఖాళీ కవరు పంపేవాడు.

అంతవరకూ నవ్వుకున్నాను. 1985లో డి.సి. వారు 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' పేరిట పన్నెండు సంచికలు మొదలుపెట్టి, భూములన్నీ కలిపి ఒకటి చేశారు. ఏడో సంచికలో సూపర్‌మాన్‌కు చెల్లెలి వరసైన సూపర్‌గర్ల్ ప్రాణమిచ్చింది. ఆ తర్వాత చరిత్ర తిరగరాశారు. ఆమె అసలు పుట్టనే లేదు. ఏడ్చిన ఆయనకే జ్ఞాపకం లేదు.

అక్కడ నాకు మా చింతచెట్టు చేను గుర్తొచ్చింది. నేను కాలేజీలో చేరిన ఏడాది నాన్న ఆ ఎకరంన్నర అమ్మేశాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ దాని పేరెత్తరు. నేనెత్తితే, "ముందునుంచీ మనకుండేది రెండెకరాలే కదరా" అంటాడు నాన్న. ఫీజు కట్టేటప్పుడు నా మనసు కష్టపడకూడదని ఆయనే చరిత్ర తిరగరాశాడు. అవ్వ ఒక్కతే మతిమరుపులో, "చింతచెట్టు కాడ మీ నాయన ఉంటాడు, సద్ది ఇచ్చి రారా" అంటుంది. అమ్మ వెంటనే మాట మారుస్తుంది. నేను తల వంచుకుంటాను.

సూపర్‌గర్ల్‌ని 2004లో మళ్ళీ తెచ్చారు. పంతొమ్మిదేళ్ళయినా పాఠకులు మరవలేదు మరి. మా చేను తిరిగొస్తుందన్న ఆశ నాకు లేదు. కానీ సంక్రాంతికి మాత్రం ఊరికి వెళతాను. అవ్వ సద్ది కట్టిస్తే, లేదనకుండా చింతచెట్టు దాకా నడిచి వస్తాను.