అత్తగారికి సీటు లేని కారు

కార్ల గురించి నాకు తెలిసింది బహు తక్కువ. ఎక్కడం, దిగడం, దిగేటప్పుడు కొంగు తలుపులో పడకుండా చూసుకోవడం. అంతే! అలాంటిదాన్ని పట్టుకుని మావాడు ఓ ఆదివారం, "అమ్మా, ఇవాళ కార్ల మ్యూజియంకి వెడదాం" అన్నాడు.

వాడుండేది అమెరికాలో, నాష్‌విల్‌లో. అక్కణ్ణించి గంట ప్రయాణం చేస్తే కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరు వస్తుంది. షెవర్లే కంపెనీవారి కార్వెట్ కార్లు 1981 నుంచీ ఆ ఊళ్ళోనే తయారవుతున్నాయి. మ్యూజియం కూడా అక్కడే. కోడలు కారు నడిపింది. నేను వెనక సీట్లో కూచున్నాను.

లోపల మొట్టమొదటి కారు దగ్గరే నాకు అనుమానం వచ్చింది.

"వెనక సీటేదిరా?"

"ఉండదమ్మా. స్పోర్ట్స్ కారు. ఇద్దరికే."

"మరి అత్తగారెక్కడ కూచుంటుంది?"

కోడలు పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నేనడిగింది పూర్తిగా నవ్వులాటకి కాదు సుమండీ. మావారు పోయి ఏడాది దాటింది. "రాజమండ్రిలో ఒక్కదానివీ ఎందుకు, ఇల్లమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యి" అంటాడు అబ్బాయి. కోడలూ మంచిదే. వంటింట్లో అడుగుపెడితే చాలు, "మీరు కూచోండత్తయ్యా, నేను చూసుకుంటాగా" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ నలభయ్యేళ్ళు ఇల్లు నడిపినదానికి ఆ కుర్చీలో ముళ్ళుంటాయని ఆ పిల్లకేం తెలుసు?

సరే, కారు సంగతి. 1953 జనవరిలో న్యూయార్కులో, వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో దీనికి పెళ్ళిచూపులు జరిగాయి. ఆ ఏడు చేసినవి 300. అన్నీ తెల్లవే, లోపలంతా ఎరుపు, ఎర్రంచు తెల్లచీరలాగ! ఒళ్ళు ఇనపరేకు కాదు, ఫైబర్‌గ్లాసు. తలుపుకి బయట పిడి కూడా లేదు, లోపలికి చెయ్యి పెట్టి తీసుకోవాలి. అందం ఉంది గానీ ఆ ఆరు సిలిండర్ల ఇంజనుకి, రెండే గేర్లకి స్పోర్ట్స్ కారన్న పేరుకి తగ్గ పరుగు లేదు. 1954లో 3,640 చేస్తే చాలా కార్లు అమ్ముడుపోక మిగిలిపోయాయి. 1955లో 700 చేసి ఊరుకున్నారు. ఇక దీన్ని మానేద్దామా అన్నదాకా వచ్చింది. అదే ఏడు ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టారు. పోటీగా ఫోర్డు వాళ్ళు థండర్‌బర్డ్ తెచ్చారు. పక్కింటివాళ్ళు కొన్నాక మనం మానేస్తామా? పట్టుదల పెరిగింది.

ఈ కథలో ఓ పెద్దమనిషి ఉన్నాడు. పేరు జోరా ఆర్కస్-డంటోవ్. 1909లో బెల్జియంలో, రష్యన్ దంపతులకి పుట్టిన ఇంజనీరు. న్యూయార్కులో ఆ తెల్ల కారుని చూసి మనసు పడి, ఆ ఏడే కంపెనీలో చేరాడు. 1963లో రెండో తరం వచ్చింది. దాని వెనక అద్దానికి నడిమధ్య నిలువునా ఓ పట్టీ. చూడ్డానికి బాగుంది గానీ, వెనకేమీ కనపడి చావదని ఈయన గొడవ. మరుసటి ఏడుకి తీసేశారు. ఆ రోజుల్లోనే నాలుగు సీట్ల నమూనా ఒకటి చేసి, చూసుకుని, వద్దనుకున్నారట.

"చూశారా అత్తయ్యా, మీ సంగతి ఆలోచించకపోలేదు!" అంది కోడలు.

తరవాత 1968, 1984, 1997, 2005, 2014... తరం తరానికీ రూపు మారింది. రెండు సీట్లు మాత్రం మారలేదు. ఇంజను ముందుండడమూ మారలేదు. డంటోవ్‌కి ఆ ముందుండడమే నచ్చలేదు. ఇంజను సీట్ల వెనక్కి జరగాలి, దాని బరువు వెనక చక్రాలమీద పడితే అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి అని ఏళ్ళ తరబడి పోరాడాడు. నమూనాలు చేసి చూపించాడు. పైవాళ్ళు సరేననలేదు. 1975లో రిటైరయ్యాడు. 1996లో పోయాడు. ఆయన అస్థికలు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి.

2020లో ఎనిమిదో తరం వచ్చింది. ఇంజను సీట్ల వెనక ఉంది.

ఆ కారు వెనక అద్దంలోంచి ఇంజను కనిపిస్తుంది. నేను అక్కడే నిలబడిపోయాను. పాపం ఆ పెద్దాయన చూసుకోలేకపోయాడే అనిపించింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. ఇన్నాళ్ళూ వెనక్కి జరగడమంటే పక్కకి నెట్టేసినట్టేనని కదా నా కుమిలిపోవడం! చోటు మారినంత మాత్రాన ఇంజను ఇంజను కాకుండా పోయిందా?

"ఏమిటమ్మా అంతలా చూస్తున్నావు, కొనమంటావా?" అన్నాడు మావాడు.

"వద్దు నాయనా. అందులో నాకు సీటు లేదు" అన్నాను.

ఇల్లమ్మే సంగతి ఇంకా తేల్చలేదు. తొందరేముంది? ఆ రాత్రి మాత్రం వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా, పులుసులో బెల్లం ఎంత వెయ్యను?"

కుర్చీలోంచి లేవకుండానే చెప్పాను.