విమానానికి మూట కట్టిన ముచ్చట

మన సోలాపూరు తెలుగోళ్ళ ఇండ్లల్ల ఇప్పుడు పిల్లలు దూరదూరాలు పోయిండ్రు. రమ్మని వాళ్ళే టిక్కెట్టు తీసి పంపుతున్నరు. టిక్కెట్టు వాళ్ళు తీస్తరు గాని, మూట మాత్రం మనమే కట్టుకోవాలె. ఆ మూట గురించే ఈ నాలుగు మాటలు.

నేను మొదటిసారి విమానం ఎక్కింది 2007లో. ఢిల్లీలో మా మేనల్లుడి పెండ్లి. "మామా, తాత నాడె తీసుకరా, నా ఇంట్ల పెట్టుకుంట" అని ఫోనులో అడిగిండు. మా బాపు మగ్గం మీద వాడిన నాడె అది. చేతులు తగిలి తగిలి నున్నగైన కట్టె, రెండు కొసలకు ఇనుప మొనలు. మిల్లులో దాన్నే మేము ధోటా అనేటోళ్ళం. పైలంగ ఉండాలని చేతి సంచిలనే పెట్టుకున్న. తనిఖీ కాడ సంచి మిషన్ల నుంచి పోంగనే ఆపిండ్రు. మొన ఉన్న వస్తువు లోపలికి రాదన్నరు. పెద్ద పెట్టె అప్పటికే అప్పజెప్పినం. ఎవరి చేతికన్నా ఇద్దామంటే సాగనంప వచ్చినోళ్ళు లేరు. విమానం టైము దగ్గరపడ్డది. అక్కడి డబ్బాలో వేసి వచ్చిన. వాళ్ళ తప్పేం లేదు, కాయిదా అది. పెద్ద పెట్టెలో పెట్టి ఉంటె నాడె ఢిల్లీ చేరేది. నాకు తెలువక పోగొట్టుకున్న. పెండ్లిలో నా మొఖం చూసి, విమానం పడలేదేమో అనుకున్నరు అందరు.

మళ్ళ 2024 దాకా విమానం జోలికి పోలేదు. దుబాయిల ఉన్న మా బిడ్డకు రెండో కాన్పు. "బాపూ, అవ్వను తీసుకొని నువ్వు గూడ రా" అన్నది. మా ఇంటామె ఆ రోజు నుంచే వంట మొదలు పెట్టింది. షేంగా చట్నీ, కడక్ భాకరి, శొంఠి పొడి, బాలింతకు డింకు లడ్డూలు. వీటి మీద నాలుగు చాదర్లు, జొన్నపిండి, ఇడ్లీ బియ్యం. ఇల్లంత మూటలే.

టిక్కెట్టు మీద మనిషికి 20 కిలోలని రాసి ఉన్నది, చేతి సంచి 7 కిలోలు. ఇది అందరికీ ఒక్క తీరుగ ఉండదు, మీ టిక్కెట్టు మీద ఏమున్నదో చదివించుకోండి. మా కోడలు బరువు చూసుకునే కాంటా ఉన్నది. నేను ఉత్తగ నిలబడి చూసిన, తర్వాత పెట్టె ఎత్తుకొని నిలబడిన. రెండో లెక్కల నుంచి మొదటిది తీసేస్తె పెట్టె బరువు తేలుతది. రెండు పెట్టెలు కలిసి 47 కిలోల మీద అర. ఏడున్నర కిలోలు ఎక్కువ.

170 కిలోల పత్తి బేళ్ళు ఎంచిన చేతులు ఇవి, ఏడున్నర కిలోలకు భయపడ్తయా అనుకున్న. గాని అక్కడ మోసుడు కాదు కష్టం, తీసుడు కష్టం. ఇంటామె ఏదీ తియ్యనియ్యది. ముందుగాల మా పాత పెట్టెనే తూచిన. ఖాళీదే 5 కిలోలున్నది! పక్కింటోళ్ళ దగ్గర తేలిక బ్యాగు అడిగి తెస్తె అది 3 కిలోలు. 2 కిలోలు అట్ల తగ్గినయి. ఇడ్లీ బియ్యం 3 కిలోలు, జొన్నపిండి 2 కిలోలు బయట పెట్టినం, అవి దుబాయిల గూడ దొరుకుతయి. ఆఖరుకు ఒక చాదరు తీసినం. 40 లోపలికి వచ్చింది.

గెలిచినం అనుకున్న రాత్రి బిడ్డ ఫోను చేసింది. ఏమేం పెట్టిండ్రో వరుసగ అడిగింది. "అవ్వా, లడ్డూలల్ల గసగసాలు ఏసినవా?" అన్నది. ఏసిన, ఎయ్యకుంటె ఎట్ల అన్నది మా ఇంటామె. ఆ దేశంల గసగసాలు మత్తు సరుకు కింద లెక్క, పెట్టెలో దొరికితె కేసు అయితదన్నది బిడ్డ. తమలపాకు, వక్క గూడ వద్దన్నది. మా ఇంటామె చాలాసేపు మాట్లాడలేదు. రెండు కిలోల లడ్డూలు, మూడు రోజుల కష్టం. "నేను నా బిడ్డకు ఏమన్న విషం కట్టిస్తున్ననా?" అని కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. తెల్లారి ఆ డబ్బా ఎత్తుకొని బీడీల కార్ఖానకు పోయి తోటి ఆడోళ్ళకు పంచి వచ్చింది. మళ్ళ డింకు, ఖారీకు, బెల్లం తెచ్చి, గసగసాలు లేకుండ ఇంకో రెండు కిలోలు చేసింది. నేను పక్కన కూసోని ఖారీకులల్ల గింజలు తీసిన.

ఏది ఎండ్ల పెట్టాలెనో గూడ చెప్తా. మందులు చేతి సంచిలనే, డాక్టరు చీటీతో, చీల్చని పట్టీలల్ల. మత్తు కలిసిన దగ్గు మందు, కొన్ని నొప్పి గోలీలు ఆ దేశంల ముందుగ అనుమతి లేకుండ తీసుకపోరాదు, డాక్టరును అడుగుండ్రి. ఫోను ఛార్జి చేసే పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టొద్దు, చేతి సంచిలనే. దాని బ్యాటరీ అంటుకుంటె కింద పెట్టెల అరలో ఎవరికి కనపడ్తది? ఎండు కొబ్బరి చిప్పలు పెద్ద పెట్టెలో వద్దు, వాటిల నూనె ఉంటది, వేడికి అంటుకుంటయట. కత్తెర, చాకు, మొన ఉన్నది ఏదైనా పెద్ద పెట్టెలోనే. ఊరగాయ, నూనె, నెయ్యి గూడ అందులనే, రెండు కవర్లల్ల బిగించి. బయటి దేశం పోయేటప్పుడు చేతి సంచిల నీళ్ళ వస్తువు ఏదైనా సీసా 100 మిల్లీలీటర్లు దాటొద్దు. పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు ఉన్నదో లేదో ముందే చూసుకోండి.

ఇగ నా నాడె. ఈసారి బాపుది లేదు, నాది ఉన్నది. మిల్లు మూతపడ్డ రోజు మా జాబరు నా చేతిల పెట్టిన ధోటా. మనుమరాలికి ఇద్దామనుకున్న. మొనలకు గుడ్డ చుట్టి, చాదరు మడతల నడుమ పెట్టి, పెద్ద పెట్టెలో అడుగున పెట్టిన. పెట్టెల పిడికి చాదరు అంచు పీలిక ఎర్రది కట్టిన. అక్కడ అందరి పెట్టెలు నల్లగ ఒక్క తీరుగనే ఉంటయి, ఆ పీలిక చూసి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

హుస్సేన్‌సాగర్ బండి ఎక్కి నాంపల్లిల దిగినం. 2007లో మేము ఎక్కింది బేగంపేట నుంచి. 2008లో శంషాబాద్ తెరిచిండ్రు, ఇప్పుడు అందరు అక్కడికే పోవాలె. పుష్పక్ బస్సు ఎక్కి పోయినం. కాంటా మీద పెట్టెలు పెట్టేటప్పుడు నా గుండె దడదడ కొట్టుకున్నది. ఒకటి 19.6, ఇంకోటి 19.5. ఆ పిల్ల ఏమీ అనలేదు, పట్టీ అంటించి పంపింది. మా పక్క వరుసల ఒక పెద్దమనిషి కింద కూసోని మూట విప్పుతున్నడు, బట్టలన్నీ నేల మీద పరుచుకొని. పోయి సాయం పట్టిన. ఆయన సిగ్గు నాకు ఎరుకే.

దుబాయిల పెట్టె విప్పంగనే మా మనుమరాలు లడ్డూ పట్టుకోలేదు, చాదరు చూడలేదు. నాడె తీసి, "తాతా, ఇది పడవనా?" అన్నది. కాదు బిడ్డా, దీంతోని మనం బతికినం అన్న. అది దాన్ని నేల మీద పడవ లెక్కనే నడిపింది. నడపనీ అనుకున్న. ఢిల్లీ పోయేటప్పుడు డబ్బాలో పోయింది తిరిగి రాదు, ఇది మాత్రం ఇల్లు చేరింది.

అందుకే చెప్తున్న. ప్రయాణానికి వారం ముందే మూట కట్టుండ్రి, ఇంట్లనే తూచుండ్రి, ఏమేం పెట్టిండ్రో అక్కడున్న పిల్లలకు ఫోనులో చదివి వినిపించుండ్రి. విప్పేదేదన్న ఉంటె మన ఇంటి చాప మీదనే విప్పుకోవాలె, నలుగురి నడుమ కాదు.