తుక్కు కాని బతుకు

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు దాటిన లారీ ఒకటి రోజంతా మొరాయించింది. డీజిల్‌లో చేరిన నీటికి ఫీడ్ పంపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నట్లు కదలడం లేదు. బలవంతం చేస్తే స్టడ్ విరుగుతుంది. అప్పుడు ఇంజెక్షన్ పంపు మొత్తం విప్పాలి. మేస్త్రీ తొందరపడలేదు. వైరుబ్రష్‌తో రుద్ది, నూనె పోసి గంట ఆగాడు. మెల్లగా తట్టి తిప్పితే వచ్చాయి. కొత్త పంపు బిగించి, చేత్తో కొట్టి పైపుల్లో గాలి తీసేశాకే ఇంజిన్ అందుకుంది.

డ్రైవరే యజమాని. "బండి ఆగితే ఇల్లు ఆగినట్టే సార్" అన్నాడు.

పదిహేనేళ్లు దాటిన భారీ లారీల ఫిట్‌నెస్ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి రూ. 12,500కు పెంచింది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లు పొగ తక్కువ వదులుతాయన్నది నిజమే. కానీ వాటి ఇంధన వ్యవస్థను నడిపేది కంప్యూటర్. సుత్తికీ స్పానర్‌కీ లొంగదు.

రాజనీతిశాస్త్రం తరగతిలో విధానమంటే లక్ష్యం, అమలు అని చదివాను. వాయిదాలన్నీ తీరాక పాత లారీ మీద మిగిలే నాలుగు రూపాయల ప్రస్తావన అందులో లేదు. పాత బండిని తుక్కుకు పంపమనేవారు, ఒంటి లారీ యజమానికి కొత్త బండి అప్పు పుట్టే దారి కూడా చూపాలి.