నీ పేరు చూసే తీస్కుంటి అక్కా

మొన్న దసరాకి ఇల్లు దులుపుతుంటే వెనక గదిలో దుప్పటి కప్పి పెట్టిన పాత ప్లాస్మా టీవీ బయటపడింది. మా ఆయన ఒక పక్క, మా అబ్బాయి ఒక పక్క పట్టుకుని, నాలుగుసార్లు ఆగి ఆగి వాకిట్లోకి మోశారు. పాత సామాన్లు కొనేతను దాన్ని అటూ ఇటూ తట్టి చూసి, "అంతా అద్దమే అమ్మా. ఇనుముంటే ఏమన్న ఇస్తుంటి" అని మూడు వందలు చేతిలో పెట్టాడు. ఆ టీవీ గురించి ఇన్నేళ్ళలో నేను విన్న అన్ని అభిప్రాయాల్లోకీ అదే ముక్కుసూటిది అనిపించింది.

అది కొన్నది 2012లో. మా ఆయన స్కూలు టీచరు. ఏ వస్తువైనా దాని గురించి చదవనిదే కొనరు. అప్పట్లో మా ఇంట్లో నెట్ లేదు. బజార్లో నెట్ సెంటరుకు పోయి, ఇంగ్లీషు రివ్యూలు వెతికి, ప్రింట్లు తీయించి ఇంటికి తెచ్చుకున్నారు. ఎర్రపెన్నుతో గీతలు కూడా గీశారు, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ప్లాస్మాలో నలుపు అసలైన నలుపులా కనబడుతుందట. పక్కనుంచి చూసినా రంగు మారదట. క్రికెట్టులో బంతి వెనక తోకలాంటి మరక రాదట. నలభై వేలకు కొంచెం తక్కువగా, నలభై రెండు అంగుళాల టీవీ ఇంటికొచ్చింది. వీధిలో సగం మంది చూసిపోయారు.

ఇప్పుడు చెప్తున్నాను, ఆ కాగితాల్లో ఒక్క అబద్ధం లేదు. కానీ అవి రాసినవాళ్ళంతా చల్లటి దేశాల్లో, కిటికీలకు పరదాలు వేసిన గదుల్లో, రాత్రిపూట సినిమా చూసేవాళ్ళు. మాది గద్వాల. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డ. ఇక్కడి ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? మా హాలు కిటికీ పడమటి వైపు. మధ్యాహ్నం సీరియల్లో కోడలు ఏడుస్తుంటే ఆమె ముఖం మీద మా కిటికీ, ఆ కిటికీలో మా వేపచెట్టు కనబడేవి. ప్లాస్మా తెర అంటే అద్దం కదా మరి. టీవీ వెనక చెయ్యి పెడితే పెనం దించి పక్కన పెట్టినట్టు వేడి. అదే సైజు ఎల్ఈడీ టీవీతో పోలిస్తే రెండింతలకు పైనే కరెంటు తాగేది. పైగా అవి కరెంటు కోతల రోజులు. ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లతో పాటు దీన్ని నడిపితే గంటన్నరకే అది కీచుమనేది.

ఇక మా అత్తమ్మ పొద్దున లేచింది మొదలు ఒకటే భక్తి ఛానల్ చూసేది. కదలకుండా ఒకేచోట ఉండే బొమ్మ ప్లాస్మా తెర మీద ముద్రపడిపోతుందని మాకేం తెలుసు? ఏడాది తిరిగేసరికి ఏ సినిమా పెట్టినా, ఎవరి పెళ్ళి క్యాసెట్ పెట్టినా, పై మూలన ఆ ఛానల్ గుర్తు దిష్టిచుక్కలా ఉండేది. "దేవుని గుర్తే కదా, ఉండనీ" అనేది అత్తమ్మ.

2013 చివర పానసోనిక్, ఆ మరుసటి ఏడాది శామ్‌సంగ్, ఎల్‌జీ ప్లాస్మాలు చేయడమే మానేశాయి. 2018లో మా టీవీ బోర్డు పోతే మా మెకానిక్‌కి ఎక్కడా దొరకలేదు. మళ్ళీ ఒక ఎల్ఈడీ కొని హాల్లో పెట్టుకున్నాం. రాసినవాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ళ ఇంటి నిజం వాళ్ళు రాశారు. అది మా ఇంటికి సరిపోతుందా అని చూసుకోవాల్సింది మేము.

అసలు నేను చెప్పాలనుకున్నది దీని గురించి కాదు. రెండో టీవీ గురించి.

2021లో అత్తమ్మ గదికని ముప్పై రెండు అంగుళాల చిన్న టీవీ ఒకటి ఆఫర్లో ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. డబ్బాలో వారంటీ కార్డుతో పాటు ఇంకో రంగుల కార్డు ఉంది. ఐదు స్టార్లు ఇచ్చి, రివ్యూ రాసి, దాని ఫొటో తీసి ఫలానా నంబరుకు పంపితే రెండు వందల రూపాయలు ఫోనుకు వేస్తారట. టీవీ వచ్చి అప్పటికి రెండు రోజులు. బీఏ తెలుగు చదివిన చెయ్యి కదా, నాలుగు వాక్యాలు కాస్త అందంగానే రాశాను. బొమ్మ అద్భుతమన్నాను. మాట గుడిగంటలా ఉందన్నాను. పెద్దవాళ్ళున్న ఇంటికి ఇంతకన్నా మంచిది లేదన్నాను. రెండు వందలు వచ్చాయి. వాటితో ఉల్లిగడ్డలు కొన్నట్టు గుర్తు. నా రివ్యూ కింద 'ఉపయోగపడింది' అని నొక్కినవాళ్ళ లెక్క పెరుగుతుంటే, నిజం చెప్పొద్దూ, కాలేజీలో వ్యాసరచనకు బహుమతి వచ్చినంత సంబరపడ్డాను.

వనపర్తిలో మా చిన్నమ్మ కూతురు ఉంది. చిన్నాయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మంచం, ఎదురుగా గోడ, అంతే ఆయన లోకం. పాత నలుపు తెలుపు సినిమాలు వస్తే మాత్రం నవ్వేవాడు. 2022లో ఆయన కోసం మా చెల్లె ఆ టీవీయే కొన్నది. నాతో అనలేదు కూడా. పదమూడు నెలలకు, అంటే వారంటీ దాటిన నెలకు, తెర మీద గీతలు మొదలై, తర్వాత నల్లబడిపోయింది. రేపు మాపు అంటూ, మనిషి వచ్చేసరికి ఇరవై ఆరు రోజులు. వచ్చినతను ప్యానెల్ పోయిందని, దాని ఖరీదుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఇరవై ఆరు రోజులూ చిన్నాయన గోడకున్న క్యాలెండర్ చూస్తూ పడుకున్నాడు.

చెల్లె ఫోన్ చేసి అడిగింది. "అక్కా, మీది బాగనే నడుస్తుందా?"

మాది అప్పటికి మూడు నెలలుగా ఉన్నట్టుండి మూగబోతోంది. తలమీద ఒకటి కొడితే మళ్ళీ మాట వచ్చేది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు. రాయాలని తోచనే లేదు.

"నువ్వు ఆ టీవీ తీసుకున్నట్టు నాకు తెలియదే" అన్నాను.

"నీ పేరు చూసే తీస్కుంటి అక్కా. పెద్దోళ్ళున్న ఇంటికి మంచిదని రాసుంటివి గదా."

దాచలేక కార్డు సంగతి చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "రెండు నూర్లకా అక్కా?" అంది. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారమే మా హాల్లో టీవీ తీసుకెళ్ళి చిన్నాయన మంచం ఎదురుగా పెట్టి వచ్చాం. మా ఆయన ఒక్క మాట అనలేదు, దారి పొడుగునా పాటలు పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పాత రివ్యూ తీసేసి ఉన్నదున్నట్టు రాశాను, కార్డు సంగతితో సహా. కానీ ఈలోపు ఇంకెందరు నా గుడిగంట మాట నమ్మి కొన్నారో, వాళ్ళ ఇళ్ళకు నేను ఏ టీవీ పట్టుకెళ్ళగలను?

మాకు హాల్లోకి కొత్తది కొనేసరికి 2024 దసరా అయింది. ఈసారి దొంగను పట్టే పని దొంగకే అప్పగించినట్టు, రివ్యూలు చూసే పని నేనే తీసుకున్నాను.

ముందుగా 'వెరిఫైడ్' అన్న మాటను నమ్మడం మానేశాను. ఆ మాటకు కొన్నారని మాత్రమే అర్థం. నేనూ వెరిఫైడే! రెండు మూడు రోజుల్లో రాసిన పొగడ్తలు వదిలేసి, ఆరు నెలలు, ఏడాది దాటాక రాసినవి వెతికాను. ఐదు స్టార్లూ ఒక స్టారూ పక్కన పెట్టి మూడు స్టార్లవి చదివాను. సగం మెచ్చుకుని సగం విసుక్కునేవాళ్ళు మన ఇరుగుపొరుగులా మాట్లాడతారు. ఒకే పేరుతో ఉన్న చిన్న టీవీవీ, పెద్ద టీవీవీ రివ్యూలన్నీ కొన్నిచోట్ల ఒకే కుప్పగా పోసి ఉంటాయి. అందుకని మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని సరిచూశాను.

తర్వాత ఎవరి అభిప్రాయమూ అక్కర్లేని సంగతులు చూశాను. టీవీ మీద అంటించే బీఈఈ స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. ఆ స్టార్లు కరెంటు గురించే, బొమ్మ గురించి కాదు. బీఐఎస్ గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. షాపులో టీవీలన్నీ రంగులు పెంచేసి, పెళ్ళికూతుళ్ళలా పెట్టి ఉంటాయి. "ఇంట్లో పెట్టుకునేలా మామూలు సెట్టింగ్ పెట్టు బాబూ" అని అడిగి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళిన మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో వేయించుకుని చూశాం. మా పిల్ల ఒంటి రంగు ఏమిటో నాకు తెలుసు కదా!

మా మెకానిక్‌నీ అడిగాం. "నా దగ్గరికి రానిదే మంచి టీవీ వదినా" అన్నాడు. నవ్వొచ్చినా, అందులోనూ ఒక చిక్కుంది. ఎక్కువ అమ్ముడుపోయేవే ఆయన దగ్గరికి ఎక్కువ వస్తాయి. అందుకని ఏది పాడవుతుంది అని కాక, పాడైతే దేనికి సామాను దొరుకుతుంది అని అడిగాను. అప్పుడు మూడు పేర్లు చెప్పాడు. చివరగా ఆ మూడు కంపెనీల సర్వీసు నంబర్లకు కొనకముందే ఫోన్ చేసి, "గద్వాలకు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, ఎన్ని రోజులకు?" అని అడిగాం. సూటిగా జవాబు చెప్పినవాళ్ళదే కొన్నాం.

ఈ బెడద నా ఒక్కదానిదే కాదట. 2022 నవంబరులో మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసమే ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. డబ్బిచ్చి రాయించినవి ఉండకూడదని, రాసింది అసలు మనిషేనా అని చూడాలని అందులో ఉంది. అయితే దాన్ని పాటించడం కంపెనీల ఇష్టానికే వదిలారు. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధం. మనకు మోసం జరిగితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ ఆ రంగుల కార్డు పట్టుకుని నేను మంచం మీద కూర్చున్నప్పుడు నా పక్కన ఏ చట్టమూ లేదు, నేనే ఉన్నాను.

విచిత్రం చూడండి. చీరల విషయంలో మా బంధువులకు నేనే రివ్యూని. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫొటోలు పంపి "ఇది అసలు గద్వాల చీరేనా?" అని అడుగుతారు. ఫొటో చూసి నేను ఏనాడూ అవునని చెప్పలేదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే కుప్పడం నేత పనితనం చీర వెనక్కి తిప్పి, అతుకు దగ్గర చూస్తేనే తెలుస్తుంది. "తిప్పి చూడకుండా నేను చెప్పను, నేసిన వాళ్ళ కష్టం, మీ డబ్బు రెండూ పోతాయి" అంటాను. చీర దగ్గర అంత పట్టుగా ఉండే మనిషిని, టీవీ దగ్గర రెండు వందలకు ఎట్లా జారాను? అవతల చదివేవాళ్ళకు ముఖాలు లేవనుకున్నాను. ఒక ముఖం మా చిన్నాయనది.

కొత్త టీవీకి ఏడాది నిండింది. ఎండాకాలం దాటింది, ఉరుముల వాన దాటింది. ఇప్పుడు రాశాను రివ్యూ. బొమ్మ బాగుంది, మధ్యాహ్నం కిటికీ పరదా వేయాల్సిందే, మాట సన్నగా ఉంది, రిమోట్ బటన్లు అత్తమ్మ వేళ్ళకు చిన్నవి, సర్వీసు అవసరం ఇంకా పడలేదు కాబట్టి దాని గురించి చెప్పలేను. నాలుగు స్టార్లు. ఇప్పటిదాకా ఇద్దరు మాత్రమే 'ఉపయోగపడింది' అని నొక్కారు.

నిన్న రాత్రి మా చెల్లె ఫోన్ చేసింది. చిన్నాయన బాగానే ఉన్నాడట, ఏదో పాత సినిమా చూస్తున్నాడట, వెనక పాట వినబడింది. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో అడిగింది.

"అక్కా, ఫ్రిజ్ తీస్కుందామనుకుంటున్నం. మీది ఎట్లుంది?"

స్టవ్ ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. డోర్ రబ్బరు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.